పదకొండో వరుస

మొన్న మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి పెర్త్ నుంచి ఫోను వచ్చింది. అక్కడ అప్పుడు ఏడూ పది. అంత పొద్దున్నే నాకు ఫోను చేసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి, గొంతు వినకముందే పెన్ను చేతిలోకి తీసుకున్నాను.

“బామ్మా, గుర్తున్నానా? మినీబస్ అంకుల్ వాళ్ళ అమ్మాయిని.”

గుర్తులేకపోవడమేమిటి! చివరిసారి చూసినప్పుడు ఆమెకు ఎనిమిదేళ్ళు. ఇప్పుడు హారిస్‌డేల్‌లో సొంత ఇల్లు, ఇద్దరు పిల్లలు. తండ్రి కూడా కొన్నేళ్ళుగా వాళ్ళ దగ్గరే ఉంటున్నాడని వినడమే తప్ప నేను చూడలేదు.

“డాడ్ పోయారు బామ్మా. లాస్ట్ థర్స్‌డే. నిద్రలోనే.”

నిద్రలో అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. అతను పడుకుని ఉండటం నా ఊహకు కూడా అందలేదు.

ఆదివారం అతన్ని ఎరిగినవాళ్ళంతా కలుస్తున్నారట. ఫోటోలన్నీ వరుసగా తెర మీద వేసి చూపించాలని పిల్లల ఏర్పాటు. బ్రిస్బేన్‌లో క్రికెట్ ఆడినప్పటి ఫోటో ఒకటి దొరికిందట. దాని కింద ఏదైనా రాయాలి.

“డాడ్ హైయెస్ట్ స్కోర్ ఎంత బామ్మా? ఎప్పుడడిగినా, బామ్మ బుక్కులో ఉంది, అక్కడ అడుగు అనేవారు. నవ్వేవారు. చెప్పేవారు కాదు.”

“పుస్తకం తీయాలమ్మా. పదింటికి నేనే చేస్తాను” అన్నాను.

పుస్తకం తీయడానికి నాకు మూడు నిమిషాలు చాలు. మిగిలిన నలభై ఏడు నిమిషాలు ఎందుకు అడిగానో ఇది చదివితే తెలుస్తుంది.

నేను కాకినాడలో తూనికలు, కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి, 1998లో మా అబ్బాయి దగ్గరకు బ్రిస్బేన్ వచ్చాను. మా అబ్బాయి వాళ్ళు, సన్నీబ్యాంక్ చుట్టుపక్కల ఉండే మరికొందరు కంప్యూటరు ఉద్యోగులు కలిసి ఒక క్రికెట్ జట్టు పెట్టుకున్నారు. ఒక శనివారం స్కోరు రాసేవాడు రాలేదని పుస్తకం నా చేతిలో పెట్టారు. నియమాలు నాలుగు రోజుల్లో నేర్చుకున్నాను. ఆ తర్వాత ఆ పుస్తకం ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఫోను చేసిన అమ్మాయి తండ్రి ఆ జట్టులో పదకొండోవాడు. ఆడటానికి కాదు, పదకొండు అంకె పూర్తి చేయడానికి ఉన్నవాడు. ఆ మాట అతనే అనేవాడు. కడప జిల్లా మనిషి. నూర్‌బాషాలు, ఇంట్లో మాట తెలుగే. బక్కపలచటి ఒళ్ళు, చెవుల మీదికి దిగిన టోపీ, చేతిలో ఎప్పుడూ గలగలలాడే తాళం చెవి. బండి నడిపేటప్పుడు తప్ప కూర్చోడు. ఐస్‌పెట్టె మూత మీద ఒక కాలు పెట్టి, నిలబడే తింటాడు. మ్యాచ్ జరుగుతుంటే మైదానం చుట్టూ నడుస్తాడు. ఒకసారి లెక్కపెట్టాను: ఇరవై ఐదు ఓవర్లలో పద్దెనిమిది చుట్లు. మూడేళ్ళలో అతను కుర్చీలో కూర్చోగా నేను చూసింది ఒక్కసారే.

ఏ పని అయినా ముగిసీ ముగియకముందే అతని నోట వచ్చే మాట ఒకటుంది.

“అయిపాయ గదా ఆంటీ. ఇంగేమి?”

మ్యాచ్ ఓడినా అదే, పులిహోర డబ్బా ఖాళీ అయినా అదే. ఇంకేమిటి అని అడిగి, జవాబు మనం చెప్పేలోపు అతనే అక్కడ ఉండేవాడు కాదు.

వేరే ఊళ్ళో టోర్నమెంట్లకు వెళ్ళే పద్ధతి పెట్టింది అతనే. మొదటిసారి సన్‌షైన్ కోస్టు నుంచి పిలుపు వచ్చినప్పుడు ఆడవాళ్ళు ససేమిరా అన్నారు. రెండు రోజులు ఎండలో కూర్చుని మీ దండెత్తడాలు చూడటం మా వల్ల కాదన్నారు. మా కోడలైతే, “ఇంట్లో ఉంటే కనీసం బట్టలైనా ఉతుక్కుంటాను” అంది. మగవాళ్ళు నీళ్ళు నమిలారు. అతను మాత్రం మరుసటి వారం ఒక కాగితం పట్టుకొచ్చాడు. శనివారం ఆట. ఆదివారం నీళ్ళ పార్కు. పిల్లలందరికీ కలిపి గ్రూపు టిక్కెట్లు, అద్దెకు పన్నెండు సీట్ల మినీబస్సు, డ్రైవరు తనే.

“ఆటకు వచ్చినోళ్ళు పార్కుకు వస్తారు, పార్కుకు వచ్చినోళ్ళు ఆటకు వస్తారు. ఎవురూ ఇంట్లో మిగలరు ఆంటీ. ఎట్లుంది?”

“మరి ఆదివారం సెమీఫైనలు ఉంటుందిగా బాబూ?”

అతను నా వంక జాలిగా చూశాడు. “ఆంటీ, మీరు స్కోరు రాస్తాండారు. మన ఆట మీకు తెలియదా?”

ఆ విధంగా మూడేళ్ళలో నాలుగు టోర్నమెంట్లకు వెళ్ళాం. నాలుగింటిలోనూ శనివారం సాయంత్రానికే ఓడి, ఆదివారం పొద్దున్నే పార్కు గేటు దగ్గర ఉన్నాం. టూవూంబాలో అలాంటి పార్కు లేకపోతే, ఊళ్ళో ఈతకొలను ఒకటి వెతికి, దానికొక జారుడుబండ ఉందని ఫోనులో రూఢి చేసుకుని మరీ తీసుకువెళ్ళాడు. పిల్లలకు అతను మినీబస్ అంకుల్ అయింది అప్పుడే.

అతని కాగితం గురించి చెప్పాలి. ఆఫీసులో వాడి పారేసిన ప్రింటరు కాగితం అది. పక్కల్లో చిల్లులు, అడ్డంగా ఆకుపచ్చ చారలు. వెనకవైపు తెల్లగా ఉండేచోట స్కేలు పెట్టి గడులు, బాణాలు గీసేవాడు. ఎన్నింటికి బయలుదేరాలి, ఎక్కడ ఆగాలి, ఎవరు ఎవరి పక్కన కూర్చుంటే వాంతి చేసుకోరు, అన్నీ గడుల్లో ఉండేవి. మధ్యలో ఒక వజ్రం ఆకారపు గడి. అందులో ఒక ప్రశ్న: శనివారం గెలిచామా? దాని నుంచి ‘లేదు’ అనే బాణం పార్కుకు వెళుతుంది. ‘అవును’ అనే బాణం అంగుళం పొడవు గీసి వదిలేసి ఉండేది. దాని చివర గడి లేదు.

నాకు అలాంటి పని నచ్చదు. “ఇది ఎక్కడికి పోతుంది?” అని అడిగాను.

“మనం గెలిచిందెప్పుడు ఆంటీ, దానికి ఒక గడి గీసేదానికి?”

అప్పట్లో నవ్వాను. కానీ అతన్ని ఈ దేశం రప్పించిన పనేమిటో తలుచుకుంటే ఇప్పుడు వేరేగా అనిపిస్తుంది. పాతకాలపు ప్రోగ్రాములు రాసినవాళ్ళు సంవత్సరానికి రెండంకెలు చాలనుకున్నారు. 2000 వస్తుందని తెలియక కాదు. వచ్చేసరికి తమ ప్రోగ్రాము ఉంటుందా అనుకున్నారు. ఆ తప్పు లైను లైనుకీ వెతికి దిద్దడం అతని ఉద్యోగం. ఆ ఉద్యోగంలో మూడేళ్ళు తిండి తిన్నవాడు, తన కాగితంలో అదే తప్పు చేశాడు.

రెండు వేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు. “మేము దిద్దినాం కాబట్టి ఆగలే. ఇప్పుడు అందరూ, ఏమీ కాలేదే, మీరెందుకు అంటాండారు” అని అతను నవ్వుతూ చెప్పాడు. మరుసటి ఏడాదికల్లా పని తగ్గింది. 2001 అక్టోబరులో అతని కంపెనీ మూతపడింది. వీసా ఆ కంపెనీ పేరు మీద ఉంది. ఇన్ని రోజుల్లో వెళ్ళాలని ఉత్తరం వచ్చింది. నవంబరు 19, సోమవారానికి ముగ్గురికీ విమానం టిక్కెట్లు తీసుకున్నాడు. నవంబరు 17, 18 తేదీల్లో గోల్డ్ కోస్టులో మా ఐదో టోర్నమెంటు.

ఎవరైనా అయితే ఆ రెండు రోజులూ ఇంట్లో పెట్టెలు సర్దుకునేవారు. పెట్టెలు భార్యకు వదిలి అతను కూతుర్ని తీసుకుని వచ్చాడు. కారణం ఒక కొలత.

ఆ జనవరిలో నాలుగో టోర్నమెంటు అయ్యాక కూడా మేము గోల్డ్ కోస్టు పార్కుకే వెళ్ళాం. అక్కడ ఒక పెద్ద జారుడుబండ ఉంది. తొంభై ఆరు మెట్లు ఎక్కాలి. పైన ఇద్దరు పట్టే రబ్బరు పడవ ఇస్తారు. చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు వెనక కూర్చోవాలి. పడవ ఎక్కేముందు, అక్కడే ఒక కొయ్య స్తంభానికి అడ్డంగా కర్ర ఉంటుంది. నూట ఇరవై సెంటీమీటర్లు. తల ఆ కర్రకు తగలాలి. ఆ పిల్ల తలకూ కర్రకూ మధ్య నాలుగు సెంటీమీటర్ల ఖాళీ ఉంది. కాలివేళ్ళ మీద లేచింది కానీ అక్కడి కుర్రవాడు చూశాడు. తొంభై ఆరు మెట్లూ, ఎక్కేవాళ్ళకు ఎదురుగా, ఇద్దరూ దిగి వచ్చారు. నేను కింద బల్ల మీద ఉన్నాను.

“నువ్వొక్కడివీ వెళ్ళి రావలసింది బాబూ, క్యూ అంతా నిలబడి” అన్నాను.

“అది లేకుండా నేను యాడికి పోయేది ఆంటీ! దాని తల తగిలిన రోజు ఇద్దరం పోతాం.” కూతురి వైపు తిరిగి, “మాట” అన్నాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, “ప్రామిస్ అను, తెలుగులో అంటే కౌంట్ కాదు” అంది.

“ప్రామిస్.”

అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ పిల్లను మా ఇంటికి తెచ్చేవాడు. మా కారు గదిలో గోడ మీద నేను కొలిచేదాన్ని. చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, నెత్తి మీద వడ్రంగి మూలమట్టం పెట్టి. అటూ ఇటూ తిరుగుతూ, “ఎంత ఆంటీ, ఎంత?” అని నన్ను కంగారు పెట్టేవాడు. నవంబరు నాలుగో తేదీన నూట ఇరవై ఒకటి వచ్చింది. నా చేత రెండుసార్లు కొలిపించాడు. రెండోసారీ అంతే.

“అయిపాయ గదా” అన్నాడు. “ఇంగేమి? పద్దెనిమిదో తేదీ, ఆదివారం.”

ఇప్పుడు శనివారం సంగతి. పొద్దున మొదటి మ్యాచ్ మేము గెలిచాం. అదే వింత. రెండోది కూడా గెలిస్తే సెమీఫైనలు, అంటే ఆదివారం ఆట. ఓడితే పార్కు. అవతలివాళ్ళు మెల్‌బోర్న్ నుంచి వచ్చిన మన తెలుగువాళ్ళే. నూట పదిహేడు చేశారు. మధ్యాహ్నం పిల్లలకు విషయం అర్థమైంది. మేము ఒక్కో పరుగు చేస్తుంటే ఒక్కో మొహం వాడిపోతోంది. తొమ్మిదిమంది పిల్లలు తాడు పక్కన వరసగా నిలబడి సొంత తండ్రుల వికెట్లు పడితే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. మా మనవడు వాళ్ళ నాన్న అవుటై వస్తుంటే, “వెల్ ప్లేడ్, డాడ్!” అని మనస్ఫూర్తిగా అరిచాడు.

చివరి బంతికి మాకు రెండు పరుగులు కావాలి. ఒకటే వస్తే సమానం. వికెట్లు తక్కువ పోగొట్టుకున్నవాళ్ళు కాబట్టి అవతలివాళ్ళు వెళతారు. మా చిన్న ఆటల్లో వేరే అంపైర్లు ఉండరు. బ్యాటింగు చేసే జట్టులోంచే ఇద్దరు నిలబడాలి. మాకు ఆరు వికెట్లే పడ్డాయి కాబట్టి పదకొండోవాడు తీరికగా ఉన్నాడు. స్క్వేర్ లెగ్ వైపు అంపైరు అతనే. నా బల్ల అతని వెనకగా, సరిగ్గా గీతకు ఎదురుగా ఉంది.

బంతి కొట్టారు. ఒక పరుగు అయింది. రెండోదానికి తిరిగారు. బంతి వచ్చింది, కీపరు వికెట్లు కొట్టాడు. బ్యాటు, బంతి, వికెట్లు అన్నీ ఒకేసారి కలిసినట్టు కనిపించింది. పదకొండుమంది రెండు చేతులూ ఎత్తి అతని మీదికి అరిచారు. వాళ్ళతో పాటు ఎనిమిదిమంది పిల్లలు, “అవుట్! అవుట్! అంకుల్, అవుట్!” అని అరిచారు. అతని కూతురు అరవలేదు. తండ్రి చేతి వంక చూస్తూ నిలబడింది.

వేలు ఎత్తితే చాలు. ఎవరూ అనుమానించరు. సొంత జట్టునే అవుటిచ్చిన మహానుభావుడని మెల్‌బోర్న్‌వాళ్ళు భుజం తట్టేవాళ్ళు.

అతను తల అడ్డంగా ఊపాడు.

మా అబ్బాయి వాళ్ళు మైదానంలోకి పరుగెత్తారు. అవతలి కెప్టెన్ నేరుగా అతని దగ్గరకు వచ్చాడు. “ఏంటి గురూ, సొంత అంపైరింగు కూడా ప్రోగ్రాం రాసుకొచ్చారా? కానివ్వండి, కానివ్వండి. రేపు కూడా మీరే నిలబడండి, కప్పు ఇంటికే పంపిస్తారు.”

అతను అక్కడి నుంచి కదిలి నా బల్ల దగ్గరకు వచ్చాడు. చేతిలో తాళం చెవి ఉంది కానీ గలగలలాడటం లేదు.

“ఆంటీ, మీరు చూసినారా?”

“చూశాను.”

“లోపలే గదా?”

“నాలుగు వేళ్ళు లోపల.”

“సరే” అన్నాడు. “కళ్ళకు అట్లే కనపడింది. కానీ రేపు పార్కుకు పోవాలని ఉండాది గదా, దానికి జంకి నాకు ఒద్దనుకునేది కనపడిందా, ఉన్నది కనపడిందా అని...” మాట పూర్తి చేయకుండా పిల్లల వైపు నడిచాడు. వాళ్ళు అతనికి దారి ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి తిరిగి నిలబడ్డారు. మా మనవడు మాత్రం మొహం మీదే, “త్రీ ఇయర్స్ ఓడిపోయారు కదా అంకుల్, టుడేనే ఎందుకు గెలిచారు?” అని ఏడ్చాడు.

సాయంత్రం మోటెల్ వెనక పెరట్లో బార్బెక్యూ పొయ్యి వెలిగించారు. మగవాళ్ళ సంబరం పొయ్యి కంటే వేడిగా ఉంది. అతను ఆఫీసుగది ఫోను నుంచి పార్కుకు ఫోను చేసి వచ్చాడు. టిక్కెట్లు ఆ తేదీవే, మార్చరు. సరే, ఇంకో వారం కొత్తవి కొనుక్కుని వెళదాం అన్నారు అందరూ. అందరికీ ఇంకో వారం ఉంది.

“రేపు నేను రాను” అన్నాడు అతను. “పిల్లకాయలను తీసుకుని పార్కుకు పోతా.”

మా అబ్బాయి కెప్టెన్. వాడి చేతిలో ప్లేటు ఒరిగిపోయింది. “అన్నా! సెమీఫైనల్ అన్నా! మూడేళ్ళ నుంచి ఎదురుచూసింది నువ్వు కాదూ?”

“నేనే.”

“మరి? పదిమందితో ఆడమంటావా?”

“నేనొచ్చి ఏం పొడుస్తానబ్బా? ఆంటీ, నా పరుగులెన్ని?”

“తొమ్మిది ఇన్నింగ్సు. ఇరవై రెండు పరుగులు. ఎక్కువలో ఎక్కువ ఏడు.”

“ఇన్నావా?”

కానీ నేను ఉన్నమాట కూడా చెప్పాలి కాబట్టి చెప్పాను. “పదకొండుమంది ఉంటే పదో వికెట్టు దాకా ఆడొచ్చు. పదిమందే అయితే తొమ్మిదో వికెట్టుకే అయిపోతుంది బాబూ. నువ్వు కొట్టకపోయినా అవతల నిలబడితే చాలు. నిలబడేవాడు ఒకడు తగ్గుతాడు.”

అతను ఐస్‌పెట్టె మీద కాలు తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశాడు. “తెలుసు ఆంటీ” అన్నాడు. “నా దాకా వస్తే గదా.”

ఒకరిద్దరు విసుక్కున్నారు. ఒకతను, వెళ్ళిపోయేవాడు కదా, ఇక జట్టుతో పనేమిటిలే అన్నాడు. అది అతనికి వినపడింది. ఆ రాత్రి తన కాగితం మళ్ళీ తీసి, అంగుళం దగ్గర ఆగిన ఆ బాణాన్ని పొడిగించి, చివర గడి గీశాడు. పొద్దున నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. గడిలో, పది మంది, అని ఉంది.

ఆదివారం ఏడున్నరకు పిల్లలను బస్సు ఎక్కించాడు. సాయానికి మా కోడలు వెళ్ళింది. తన బ్యాటు, కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లు తెచ్చి మా జట్టు సామాను పక్కన పెట్టాడు. ఎందుకు పెట్టాడో అతనికే తెలియాలి. ఆఫీసు ఇచ్చిన మొబైలు ఆఫీసుకే అప్పగించేశాడు కాబట్టి, మా అబ్బాయి మొబైలు నా దగ్గర ఉంచమన్నాడు.

మొదటి ఫోను పదీ ఇరవైకి వచ్చింది. పార్కు గేటు పక్కన నాణేలు వేసే ఫోనట.

“ఎంత ఆంటీ?”

“పన్నెండు ఓవర్లు, అరవై ఒకటికి మూడు. వాళ్ళు ఆడుతున్నారు.”

“బౌలింగు ఎవురు? ఆ పక్కనుంచి ఎందుకు ఏపిస్తాండారు, గాలి అటు గదా! చెప్పండి మా కెప్టెనుకు.”

“నేను చెప్పను. స్కోరు రాసేవాళ్ళు అలాంటివి చెప్పకూడదు.”

“అబ్బా ఆంటీ!” వెనక నుంచి నీళ్ళ హోరు, పిల్లల కేకలు. పెట్టేశాడు.

పదకొండుకు మళ్ళీ. పదకొండూ ఇరవైకి మళ్ళీ. క్యూ చాలా పొడవుందట. మా కోడలి దగ్గర పిల్లలను నిలబెట్టి, మెట్లు దిగి గేటు దాకా వచ్చి ఫోను చేసి, మళ్ళీ ఎక్కుతున్నాడట. వాళ్ళు నూట నలభై రెండు చేశారని చెప్పాను. మా ఆట మొదలైందని చెప్పాను. పన్నెండున్నరకు చేసినప్పుడు రొప్పుతున్నాడు.

“తొంభై ఆరు మెట్లు బాబూ. నాలుగుసార్లు దిగావు. ఎక్కింది కూడా కలిపితే ఏడొందల అరవై ఎనిమిది. ఒకచోట ఉండు” అన్నాను.

“ఉండలేకపోతాండా ఆంటీ. ఈడుంటే ఆడ, ఆడుంటే ఈడ. ఎంత?”

“డెబ్బై నాలుగుకు మూడు.”

“గెలుస్తాం” అన్నాడు. ఆ గొంతులో ఉన్నది సంతోషమో భయమో నేను తేల్చుకోలేకపోయాను.

తర్వాత గంట దాకా ఫోను రాలేదు. నేను ఒక కన్ను ఫోను మీద పెట్టి స్కోరు రాశాను. అంతకు ముందు ఎప్పుడూ అలా రాయలేదు. వికెట్లు పడ్డాయి. నిలబడ్డాయి. మళ్ళీ పడ్డాయి. ఇరవై నాలుగో ఓవరు మూడో బంతికి తొమ్మిదో వికెట్టు పడింది. పదో మనిషి అవతలి కొసన బ్యాటు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. లోపలికి వెళ్ళడానికి ఎవరూ లేరు. సామాను పక్కన ఆ ప్యాడ్లు ఉన్నాయి.

ఒంటిగంట నలభైకి ఫోను మోగింది.

“ఎంత ఆంటీ?”

“నూట ముప్పై ఎనిమిది. అయిపోయింది. నాలుగు పరుగులు తక్కువ.”

ఎవరైనా అక్కడ ఆగుతారు. అతను ఆగలేదు.

“బంతులు ఎన్ని మిగిలినాయి?”

అబద్ధం చెప్పవచ్చు. నాకు అలవాటు లేదు. “తొమ్మిది” అన్నాను.

నీళ్ళ హోరులో ఇంకో నాణెం పడిన చప్పుడు వినిపించింది. అప్పుడు చాలా మెల్లగా అన్నాడు.

“ఆంటీ, తల తగిలింది. కర్రకు. ఆ పిల్లోడు ఏలు పెట్టి చూసి, యూ ఆర్ రైట్ అన్నాడు. పోయినాం ఇద్దరం. నేను కళ్ళు మూసుకున్నా. అది మూసుకోలే.”

నాలుగున్నరకు బస్సు మైదానానికి వచ్చింది. పిల్లలు తడి తలలతో దిగి తండ్రుల మీద పడ్డారు. మగవాళ్ళు ఎవరూ అతనితో మాట్లాడలేదు. ఒకతను మాత్రం ప్యాడ్లు తెచ్చి చేతికి ఇస్తూ, “ఒక్క ఓవరు నిలబడితే సరిపోయేదన్నా” అన్నాడు. తిట్టినట్టు కాదు, లెక్క చెప్పినట్టు. అతను తల ఊపి తీసుకున్నాడు.

తర్వాత నా పక్కన ఖాళీ కుర్చీ ఉంటే అందులో కూర్చున్నాడు. ఆ ఒక్కసారి ఇదే. కాళ్ళు చాపాడు. పిల్ల వచ్చి అతని మోకాలికి ఆనుకుని నిలబడింది. జుట్టులోంచి నీళ్ళు కారి పుస్తకం అంచు తడిసింది. ఆ మరక ఇప్పటికీ ఉంది.

“పుస్తకం ఒకసారి ఇస్తారా ఆంటీ?”

మా జట్టు పేజీ తీసి ఇచ్చాను. పదకొండో వరుసలో అతని పేరు పొద్దునే రాసి పెట్టుకున్నాను. దానికి ఎదురుగా, రాలేదు, అని రాయాలి. నియమం అది. మూడు గంటలు గడిచినా నేను రాయలేదు. అతను అది చూశాడు. నా పెన్ను తీసుకుని, పరుగుల గడిలో మూడంకెలు వేసి, పక్కన నాటౌటు చుక్క పెట్టాడు. పుస్తకం తిరిగి ఇచ్చాడు. సామాను బండ్లలోకి ఎక్కించేదాకా అక్కడే కూర్చున్నాడు. నా గడియారం ప్రకారం పదకొండు నిమిషాలు.

సోమవారం వెళ్ళిపోయారు. తర్వాతి సంగతులు నాకు లెక్కగా తెలియవు, కాబట్టి రాయను.

పేజీ అడుగున మొత్తం నూట ముప్పై ఎనిమిదే. పదకొండో వరుస కలిపి కూడితే కుదరదు. నా చేతి మీదుగా వెళ్ళిన పుస్తకాల్లో కుదరని పేజీ ఇదొక్కటే. దిద్దడానికి చాలాసార్లు పెన్ను తీశాను. దిద్దలేదు.

పదింటికి పెర్త్‌కు ఫోను చేశాను. మొదటి మోతకే ఎత్తింది.

“నూట ఇరవై ఒకటి” అన్నాను. “నాటౌట్.”

“నో వే! డాడా? సెంచరీనా? ఎవరి మీద బామ్మా?”

“సెమీఫైనలు. గోల్డ్ కోస్టు. నవంబరు పద్దెనిమిది, రెండు వేల ఒకటి. పుస్తకంలో ఉంది, అతని చేతిరాతే. ఫోటో తీయించి పంపుతాను, నీళ్ళ మరక కూడా కనపడుతుంది.”

రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. తేదీ దగ్గర ఆ చప్పుడు ఆగింది.

“బామ్మా” అంది. “వాజ్ ఐ దేర్?”

“ముందు కూర్చున్నది నువ్వేనమ్మా” అన్నాను.